హార్డ్ డ్రైవు హరీమంటే...

ఈ మధ్య మన వాళ్ళ ఇళ్ళల్లో బేస్‌మెంట్లలోంచీ, క్లోజెట్ల పై అరల్లోంచీ పాత లాప్‌టాపులు బయటికొస్తున్నాయి. 2025 అక్టోబరుతో విండోస్ 10కి సపోర్టు గడువు తీరిపోయింది కదా, కొత్తవి కొనేవాళ్ళు కొంటున్నారు, పనిలో పనిగా పాతవి దులుపుతున్నారు. దులుపుతుంటే అంతకంటే ముసలివి కూడా బయటపడతాయి. ఈ దేశం వచ్చిన కొత్తలో కొన్నదొకటి, పెద్దవాడు పుట్టిన ఏడు కొన్నదొకటి. ఆశగా ప్లగ్గు పెట్టి చూస్తారు. కొన్ని మూలుగుతూ లేస్తాయి. కొన్ని నల్లటి తెర మీద నాలుగు తెల్లక్షరాలు చూపించి ఊరుకుంటాయి. అప్పుడు నాకు ఫోనొస్తుంది. పొట్టకూటికి నేను చేసేది స్టోరేజీ పనే కనక, మన ఊళ్ళో హార్డ్ డ్రైవుల వైద్యుడిగా నాకో పేరు పడిపోయింది. ఫీజు ఒక ఫిల్టర్ కాఫీ. రోగం ముదిరితే పెసరట్టు కూడా.

ఫోన్లో నేనడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "అదిప్పుడు ఆన్‌లో ఉందా?" ఉంటే ఆపెయ్యమంటాను. ఆపి, మళ్ళీ పెట్టి చూడొద్దంటాను. ఇది చాలామందికి రుచించదు. మన వాళ్ళకి ఏదైనా పనిచెయ్యకపోతే ఆపి మళ్ళీ పెట్టడం, అదీ కాకపోతే పక్కన ఒక్కటి చరచడం అలవాటు. పాత టీవీల రోజుల నుంచీ వచ్చిన విద్య అది. హార్డ్ డ్రైవు దగ్గర మాత్రం ఆ విద్య పనికిరాదు. ఎందుకో చెప్తాను.

లాప్‌టాపు హార్డ్ డ్రైవులో అద్దంలా మెరిసే పళ్ళెం ఒకటో రెండో ఉంటాయి. చాలా డ్రైవుల్లో అది నిమిషానికి 5400 సార్లు, అంటే సెకనుకి 90 సార్లు తిరుగుతుంది. దానిమీద రాసింది చదివే హెడ్డు ఆ పళ్ళేన్ని ముట్టుకోదు, గాలి పొర మీద తేలుతుంది. ఆ ఎత్తు ఎంతనుకున్నారు? పది నానోమీటర్లకి అటూ ఇటూ. మన తలవెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు. అంటే వెంట్రుక కాదు, సిగరెట్ పొగలో నలుసు కూడా దానికి కొండలాంటిది. ఆ హెడ్డు దెబ్బతిని పళ్ళెం మీద వాలిందంటే, దుక్కి దున్నినట్టు గీసుకుంటూ పోతుంది. గీసుకుపోయిన చోట ఉన్న ఫొటోని ఏ ఇంజనీరూ తిరిగి తేలేడు. మీరు మళ్ళీ మళ్ళీ ఆన్ చేసిన ప్రతిసారీ ఇంకో చాలు దున్నిస్తున్నారన్నమాట.

అయితే నాకొచ్చే ఫోన్లలో సగానికి పైగా అసలు డ్రైవు చావనివే. లాప్‌టాపు చచ్చింది, డ్రైవు బతికే ఉంది. మదర్‌బోర్డు పోయింటుంది, తెర పోయింటుంది, లేకపోతే విండోస్ మాత్రమే పాడయ్యింటుంది. కొట్టు తలుపు బిగుసుకుపోయినంత మాత్రాన లోపల సరుకు పోయినట్టు కాదు కదా! ఇలాంటప్పుడు వైద్యం తేలిక. బ్యాటరీ తీసేసి, లాప్‌టాపు బోర్లించి, రెండు మూడు స్క్రూలు విప్పితే పేకముక్కల పెట్టెకంటే సన్నటి డ్రైవు బయటికొస్తుంది. దాన్ని యూఎస్‌బీకి కలిపే అడాప్టరు పదీ ఇరవై డాలర్లకే దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త. 2005, 2006 ప్రాంతాల దాకా వచ్చిన చాలా లాప్‌టాపుల్లో డ్రైవుకి రెండు వరసల సన్నటి పిన్నులుంటాయి, అవి ఐడీఈ రకం. తరవాతివి చదునైన నోరున్న శాటా రకం. రెండూ తీసుకునే అడాప్టరు కొనుక్కుంటే గొడవ లేదు.

కొత్త కంప్యూటరుకి దాన్ని తగిలించగానే విండోస్ ఒక్కోసారి చాలా మర్యాదగా అడుగుతుంది, ఈ డిస్కుని వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా అని. వద్దనండి. అలాగే తప్పులు దిద్దుతానంటూ చెక్‌డిస్క్ అనే ప్రోగ్రాము బయల్దేరుతుంది. దాన్నీ వద్దనండి. అది డిస్కు లెక్కల పుస్తకాన్ని సరిచెయ్యడానికి పుట్టింది, మీ అబ్బాయి అన్నప్రాశన వీడియో కాపాడటానికి కాదు. లెక్క కుదరకపోతే ఉన్న ముక్కల్ని కత్తిరించి పారేస్తుంది. ఇంకో మాట. రాబట్టిన ఫైళ్ళని అదే డ్రైవు మీద ఎప్పుడూ దాచకూడదు. వేరే డ్రైవు మీదే.

ఇక ఎక్కడ వెతకాలి? అందరూ మై డాక్యుమెంట్స్, మై పిక్చర్స్ తీసుకుని అమ్మయ్య అనుకుంటారు. ఆ రోజుల్లో మనవాళ్ళు సగం ఫైళ్ళు డెస్క్‌టాప్ మీదే పరిచేసేవాళ్ళు, అది వేరే ఫోల్డరు. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో ఈమెయిళ్ళు చూసుకున్నవాళ్ళ ఉత్తరాలన్నీ డీబీఎక్స్ అనే తోకతో, మామూలుగా కనపడని ఫోల్డర్లో నక్కి ఉంటాయి. దాచిన ఫోల్డర్లు కూడా చూపించమని విండోస్‌కి చెప్తేగానీ కనపడవు. నాన్నగారు ఇంటర్నెట్ సెంటరుకి నడిచి వెళ్ళి, ఒక వేలితో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి పంపిన ఉత్తరాలు చాలా ఇళ్ళల్లో అక్కడే పడున్నాయి.

పొరపాటున డిలీట్ చేసినవో, ఫార్మాట్ అయిపోయినవో అయితే ఫొటోరెక్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాము ఉంది. పాత రకం డిస్కులో డిలీట్ అంటే సరుకు పారెయ్యడం కాదు, ఖాతా పుస్తకంలో పేరు కొట్టెయ్యడం, అంతే. ఆ చోట్లో కొత్త సరుకు పెట్టేదాకా పాతది అలాగే ఉంటుంది. ఫొటోరెక్ ఖాతా పుస్తకం జోలికే పోదు. డిస్కు మొదటినుంచీ చివరిదాకా తడుముకుంటూ పోయి, ఇక్కడ ఫొటో మొదలయ్యింది, ఇక్కడ పాట మొదలయ్యింది అని ఆనవాలు పట్టి లాగుతుంది. కాకపోతే పేర్లు పోతాయి. పదివేల ఫొటోలు అంకెల పేర్లతో వచ్చి పడతాయి. అవన్నీ సర్దడం రిటైరైన మావగారికి మంచి కాలక్షేపం అని నా అనుభవం.

ఇప్పటిదాకా చెప్పినవి తేలిక రోగాలు. డ్రైవులోంచి ఆగకుండా టక్ టక్ మని చప్పుడొస్తున్నా, కీచుమని గీరుతున్నా, అసలు తిరగకపోయినా అది ఇంటి వైద్యానికి లొంగేది కాదు. ఫ్రీజర్లో పెట్టమని ఎవరో ఒకరు చెప్తారు. మన గుడిలో ప్రతి శనివారం చెప్పేవాళ్ళు కనీసం ఇద్దరున్నారు. ఒకప్పటి డ్రైవుల్లో హెడ్డు పళ్ళేనికి అతుక్కుపోయే జబ్బు ఉండేది, చల్లబరిస్తే ఎప్పుడైనా విడేది. ఇప్పుడు ఫ్రీజర్లోంచి తీసిన డ్రైవు లోపల సీసా మీద పట్టినట్టు చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ మీద హెడ్డు తేలాలి! అలాగే కింద ఉన్న ఆకుపచ్చ బోర్డు మార్చేస్తే చాలదా అంటారు. ఆ బోర్డు మీద చిన్న చిప్పులో ఆ డ్రైవుకే ప్రత్యేకమైన కొలతలు రాసి ఉంటాయి. అదే మోడల్ బోర్డు తెచ్చి తగిలించినా, ఆ చిప్పుని కూడా మార్చకపోతే మామూలుగా పనిచెయ్యదు. ఇలాంటివాటికి దుమ్ము లేని గదుల్లో హెడ్లు మార్చే ల్యాబులున్నాయి. ఖర్చు కొన్ని వందల డాలర్ల దగ్గర మొదలై వేలల్లోకి పోతుంది. ఫైళ్ళు రాకపోతే డబ్బు తీసుకోని ల్యాబులు చాలా ఉన్నాయి, ముందే అడగండి.

ఆ ల్యాబుల వాళ్ళు ఎంతదాకా లాగగలరో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా స్పేస్ షటిల్ ఆకాశంలో ముక్కలైంది. మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ పోయారు. నేల మీద దొరికిన శకలాల్లో ఒక ప్రయోగం తాలూకు 400 మెగాబైట్ల హార్డ్ డ్రైవు ఉంది. మాడి, మసిబారి, లోహం ముద్దలా ఉంది. దాంట్లోంచి దాదాపు 99 శాతం డేటా బయటికి తీశారు. ఆ ప్రయోగం ఫలితాలు 2008లో ఫిజికల్ రివ్యూ ఈ పత్రికలో అచ్చయ్యాయి. ఎలా సాధ్యమయ్యిందంటే, ఆ కంప్యూటరు పాతకాలపు డాస్ మీద నడిచేది, అది డేటాని చెల్లాచెదరు చెయ్యకుండా ఒక్కచోట వరసగా రాసింది. పళ్ళెం దెబ్బతిన్న మేర అదృష్టవశాత్తూ ఖాళీ. అంత ఎత్తునుంచి పడ్డదే నయమైతే, మీ డైనింగ్ టేబుల్ మీంచి పడ్డదానికి ఆశ ఎందుకొదులుకోవాలి? అయితే ఆ డ్రైవుని ల్యాబుకి పంపేముందు ఎవరూ ఇరవైసార్లు ఆన్ చేసి చూడలేదని గుర్తుపెట్టుకోండి.

కిందటి డిసెంబరులో నా దగ్గరికొచ్చిన కేసు ఈ రెంటికీ మధ్యస్తంగా ఉంది. మా ఊళ్ళోనే ఉండే ఒక మిత్రుడి ఇంట్లో 2008 నాటి లాప్‌టాపు. ఆ ఏడు అతని అత్తగారు వీసా మీద వచ్చి ఆర్నెల్లు ఉన్నారు. నాలుగేళ్ళ మనవరాలికి రాత్రిళ్ళు కథలు చెప్తుంటే, మిత్రుడి భార్య లాప్‌టాపు మంచం పక్కన పెట్టి రికార్డు చేసింది. మొత్తం పదిహేడు కథలు. ఆవిడ 2012లో పోయారు. మనవరాలు ఇప్పుడు కాలేజీ చివరి ఏడు. అమ్మమ్మ గొంతు వినాలని ఉందని ఆ పిల్లే అడిగిందట. ఆన్ చేస్తే విండోస్ గుర్తు దాకా వచ్చి, ఒకసారి టక్ మని, అక్కడే నిలబడిపోయింది. మిత్రుడు రెండుసార్లు ప్రయత్నించి, బుద్ధిగా ఆపేసి తీసుకొచ్చాడు.

విప్పి నా లినక్స్ కంప్యూటరుకి తగిలించాను. డ్రైవు తిరిగింది. తన పేరూ, 160 గిగాబైట్ల పరిమాణమూ సరిగ్గానే చెప్పుకుంది. వెంటనే ఆపేశాను. ఇది మంచి లక్షణమే, హామీ మాత్రం కాదు. మిత్రుడు "ఇంకేం గురూగారూ, కానిచ్చేయండి, వెయ్యి డాలర్లు మిగుల్తాయి" అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. "అన్నయ్యగారూ, ఫొటోలు సీడీల్లో ఉన్నాయి, పోతే పోయాయి. అమ్మ గొంతు ఇంకెక్కడా లేదు. అప్పట్లో కాలింగ్ కార్డుల మీద మాట్లాడుకున్నాం, ఎవరు రికార్డు చేశారు? ల్యాబుకే పంపిద్దాం" అంది. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. నా చేతిలో హెడ్డు పోతే తరవాత ల్యాబు వాళ్ళకి కూడా కష్టమే. ఆ సంగతి దాచకుండా చెప్పి, రాత్రి ఆలోచించుకుని రమ్మన్నాను. మర్నాడు ముగ్గురం ఒక షరతు మీద కుదిరాం. మొదటి గంట చూడాలి. టక్ మని ఇంకొక్కసారి వినపడితే అక్కడికక్కడే ఆపి, పెట్టెలో పెట్టి ల్యాబుకి పంపాలి. ఆ గంటసేపూ ఆవిడ నా పక్కనే కుర్చీ వేసుకుని కూచుంది. కాఫీ చల్లారిపోయింది.

నేను వాడింది డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము. ఫైళ్ళ పేర్లతో దానికి పనిలేదు. మొత్తం డిస్కుని ఉన్నదున్నట్టు ఇంకో డిస్కు మీదికి ఎత్తి పోస్తుంది. దాని తెలివంతా వరసలో ఉంది. గట్టినేల మీద ముందు నడిచేస్తుంది, బురద కనపడగానే గుర్తు పెట్టుకుని పక్కకి దాటేస్తుంది. మంచివన్నీ అయ్యాకే వెనక్కొచ్చి బురదలో దిగుతుంది. మామూలు కాపీ అయితే మొదటి బురదలోనే కూరుకుపోయి, హెడ్డుని అక్కడే కొట్టుకునేలా చేస్తుంది. మధ్యలో ఆపినా ఎక్కడిదాకా వచ్చిందో ఒక చిన్న ఫైల్లో రాసుకుంటుంది కనక మళ్ళీ అక్కణ్ణుంచే మొదలెట్టొచ్చు. మొదటి గంట చప్పుడు లేకుండా గడిచింది. నాలుగు గంటల్లో చాలామటుకు వచ్చేసింది. మిగిలిన కొసరు కోసం రెండు రాత్రులు పట్టింది. తరవాత అసలు డ్రైవుని పక్కన పెట్టేసి, ఆ నకలు మీదే వెతికాం.

పదిహేడింట్లో పధ్నాలుగు కథలు నిక్షేపంలా వచ్చాయి. ఒకటి అసలు తెరుచుకోలేదు. రెంటిలో మధ్య మధ్య మాట తెగింది. ఆ రికార్డింగులు సెకనుకి సుమారు 12 వేల బైట్లు. డిస్కులో ఒక సెక్టారు 512 బైట్లు. అంటే ఒక్క సెక్టారు పోతే సెకనులో ఇరవయ్యోవంతు కూడా కాదు. కానీ అవి గుంపులుగా పోతాయి. ఏడు చేపల కథలో సరిగ్గా గడ్డిమోపు దగ్గర గొంతు ఆగిపోయి, చీమ దగ్గర మళ్ళీ వచ్చింది. ఆ మధ్యలో ఏముందో తెలుగు ఇళ్ళల్లో పెరిగిన ఎవరికైనా తెలుసు. మొదటిసారి వింటుంటే ఆ అమ్మాయే ఆ ముక్క పైకి చెప్పేసింది, అమెరికా యాసలో.

అదే డిస్కులో ఇంకో తమాషా దొరికింది. ఆవిడ తల్లిగారు చెప్తుంటే టైపు చేసుకున్న ఆవకాయ, మాగాయ కొలతలు. ఫైలు చక్కగా తెరుచుకుంది, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ, చుక్కలూ, డాలరు గుర్తులూ. డిస్కు పాడై ఇలా అయ్యిందనుకున్నారు. కాదు. యూనికోడ్ తెలుగు విండోస్‌లోకి ఎక్స్‌పీతో 2001లో వచ్చినా, మనవాళ్ళు చాలా ఏళ్ళు అను, శ్రీలిపి లాంటి పాత పద్ధతి ఫాంట్లతోనే రాశారు. వాటిల్లో "క" అనేది కంప్యూటరుకి "క" కాదు, ఏదో ఇంగ్లీషు గుర్తుకి తెలుగు ముసుగు. ముసుగు లేకపోతే అసలు మొహం కనపడుతుంది. అంచేత ఫైళ్ళు తీసుకున్నంత మాత్రాన చాలదు, విండోస్ ఫోల్డర్ లోపలున్న ఫాంట్స్ ఫోల్డరుని కూడా ఎత్తుకు రావాలి. మేము నకల్లోంచి ఆ ఫాంటు తీసి కొత్త కంప్యూటర్లో పెట్టగానే తెర మీద ఆవపిండీ, కారమూ, ఉప్పూ బారులు తీరాయి. సంఘం సావనీర్లకి ఆ రోజుల్లో కవితలూ, వ్యాసాలూ రాసినవాళ్ళు ఈ సంగతి బాగా గుర్తుంచుకోవాలి. తరవాత తీరిగ్గా యూనికోడ్‌లోకి మార్చుకోండి, మార్చిపెట్టే కన్వర్టర్లున్నాయి.

ఇక మీ చేతిలో ఉన్న కొత్త లాప్‌టాపు సంగతి. అందులో పళ్ళేలూ, హెడ్లూ లేవు. ఎస్ఎస్‌డీ అంటే ఒట్టి చిప్పులు. కింద పడినా తట్టుకుంటాయి గానీ, పోయేటప్పుడు టక్ మని కూడా అనవు. పైగా వాటిల్లో డిలీట్ చేసినదాన్ని డ్రైవు తనంతట తానే తుడిచేస్తుంది, ఫొటోరెక్ వెళ్ళేసరికి అక్కడ సున్నాలే మిగులుతాయి. ఏళ్ళ తరబడి కరెంటు లేకుండా అటక మీద పడేస్తే రాసింది మెల్లగా చెరిగిపోయే ప్రమాదం కూడా ఉంది. ఈమధ్య వచ్చే మ్యాకుల్లో స్టోరేజీ చిప్పులు లోపలి ప్రాసెసరుతో ముడిపడి, తాళం వేసి ఉంటాయి. వేరే యంత్రానికి తగిలించి చదవడం కుదరదు. విండోస్ యంత్రాలు కూడా చాలావాటికి కొన్ననాడే తాళం పడుంటుంది, మనకి తెలియకుండానే. లాప్‌టాపు చస్తే డ్రైవు బతికున్నా 48 అంకెల బిట్‌లాకర్ తాళంచెవి అడుగుతుంది. అది చాలామందికి వాళ్ళ మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉంటుంది. ఈ వారాంతంలో అందులోకి వెళ్ళి, దాన్ని కాగితం మీద అచ్చు తీసి, పాస్‌పోర్టులతో పాటు పెట్టండి. ఇంట్లో లెక్కలన్నీ ఒక్కరే చూసుకునే కుటుంబాల్లో అది మరీ ముఖ్యం. ఆయనకి ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఆ అకౌంటు పాస్‌వర్డు ఏమిటని ఫోను చేసి అడగాల్సివచ్చిన ఇల్లాళ్ళు నాకు తెలుసు.

కాపీల సంగతి కిందటేడు ఇదే శీర్షికలో రాశాను కనక మళ్ళీ విసిగించను. ఒక్కటి కలుపుతాను. 2000 ప్రాంతాల్లో ఇంట్లో రాసుకున్న సీడీలు, డీవీడీలు ఉంటే, వాటి ముందు వరసలో నిలబడండి. అవి కూడా ముసలివైపోయాయి. రంగు వెలిసిన సీడీలు సగం దాకా చదివి ఆగిపోతున్నాయి. ఆ మిత్రుడి ఇంట్లో పోతే పోయాయనుకున్న ఫొటోల సీడీలు పన్నెండింట్లో మూడు తెరుచుకోలేదు. ఆ ఫొటోలు కూడా చివరికి డ్రైవు నకల్లోనే దొరికాయి.

పిల్లలకో మాట. ఫైళ్ళన్నీ రాబట్టి, రెండు చోట్ల దాచుకున్నాక, ఇంక అక్కర్లేదని అమ్మా నాన్నా ఒప్పుకున్న పాత హార్డ్ డ్రైవు ఉంటే, వాళ్ళని పక్కన పెట్టుకుని దాన్ని విప్పండి. నక్షత్రం ఆకారం ఉన్న చిన్న స్క్రూడ్రైవరు కావాలి, దాన్ని టోర్క్స్ అంటారు. ఒక స్క్రూ స్టిక్కరు కింద దాక్కుని ఉంటుంది, వేలితో నొక్కి చూస్తే గుంట తగుల్తుంది. కళ్ళకి అద్దాలు పెట్టుకోండి. లాప్‌టాపు డ్రైవుల్లో పళ్ళెం చాలాసార్లు గాజుది, వంచితే పెళ్ళున పగులుతుంది. 1956లో ఐబీఎం వాళ్ళు చేసిన మొట్టమొదటి హార్డ్ డ్రైవులో ఇలాంటి పళ్ళేలు యాభై ఉండేవి, ఒక్కొక్కటీ రెండడుగుల వెడల్పు. అన్నీ కలిపితే పట్టేది సుమారు 50 లక్షల అక్షరాలు, అంటే ఇప్పటి ఫోనుతో తీసిన ఒకటో రెండో ఫొటోలు. మీ చేతిలోది అరచేతిలో పడుతుంది. హెడ్డు వెనక అర్ధచంద్రంలా రెండు అయస్కాంతాలుంటాయి. చూడటానికి చిన్నవే గానీ మహా గట్టివి. రెండూ ఒకదానికొకటి దగ్గరికి రానివ్వకండి, మధ్యలో వేలు పడితే చితుకుతుంది. మా ఇంట్లో ఒకటి ఫ్రిజ్ తలుపు మీద ఉంది. మన సంఘం వాళ్ళ తెలుగు క్యాలెండరు పన్నెండు నెలలూ అదే మోస్తోంది.